పక్కవాద్యం పెట్టె

పోయిన వేసవి సెలవుల్లో మా మావయ్య బెజవాడ నుంచి వస్తూ రెండు తెచ్చాడు. ఒకటి రసాల బుట్ట. రెండోది పాత తువ్వాల్లో చుట్టి, పైన పురికొస కట్టిన పెట్టె. రసాల సంగతి చెప్పేందుకేం లేదు, రెండు రోజుల్లో టెంకలు మిగిలాయి. ఆ పెట్టె గురించే యీ నాలుగు ముక్కలు.

"ఇది నీ కొడుక్కే అమ్మాయ్! లోపలి బ్యాటరీ ఇవాళో రేపో అన్నట్టుంది. అది ఆరిపోతే దీంట్లో వున్నవన్నీ పోతాయి. వాడు కంప్యూటర్లో పాటలవీ చేస్తాడుగా, ఎక్కించి పెట్టమను" అన్నాడు.

"కొత్త బ్యాటరీ వేయిస్తే సరి కదా మావయ్యా?"

"పాతది తీసిన క్షణంలోనే అంతా చెరిగిపోతుందిట. అడిగి చూశాను."

తువ్వాలు విప్పి చూశాను. పెద్ద నిఘంటువంత వుంది. నల్లటి రంగు, వరసగా రబ్బరు మీటలు, మూల చిన్న అద్దపు కిటికీ. జపాను తయారీ డ్రమ్ మెషీను. మా వూళ్ళ ఆర్కెస్ట్రా వాళ్ళు దాన్ని రిథమ్ బాక్సు అనేవారు. మీట నొక్కితే డ్రమ్ము, తాళం, కాంగో ఏది కావాలంటే అది మోగుతుంది. ఒకసారి వాయించి దాచిపెడితే అలసట లేకుండా తెల్లవార్లూ వాయిస్తూనే వుంటుంది.

ఆ పెట్టెను చూడగానే నా మనసు చివుక్కుమంది. కారణం వుంది.

మా మావయ్య 1980లలో ఒక ఆర్కెస్ట్రాలో ట్రిపుల్ కాంగో, డ్రమ్సు వాయించేవాడు. పెళ్ళిళ్ళు, దసరా పందిళ్ళు, శ్రీరామనవమి కచేరీలు. మేం పిల్లలం వేదిక ముందు చాప మీద కూర్చుని పాడేవాళ్ళను చూడకుండా ఆయన చేతుల్నే చూసేవాళ్ళం. 1990లలో ఆ ట్రూపులోకి కీబోర్డు కుర్రాడొకడు వచ్చాడు, చంకలో ఇలాంటి పెట్టెతో. ఇక రిథమ్‌కి నలుగురెందుకు అనుకున్నారు. ఎవరూ మావయ్యను రావద్దని చెప్పలేదు. ఒకరోజు సాయంత్రం ఆయన తయారై, చొక్కాకి ఇస్త్రీ చేయించుకుని వీధరుగు మీద కూర్చున్నాడు. వ్యాను రాలేదు. అంతే.

అలాంటి మనిషి ఆ పెట్టెనే తువ్వాల్లో చుట్టుకుని పసిపిల్లను తెచ్చినట్టు తేవడమేమిటి?

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర నా సబ్జెక్టు. యంత్రాల విషయంలో నా పరిజ్ఞానం మిక్సీ దగ్గరే ఆగిపోయింది. కానీ ఏ వస్తువు కనిపించినా ఇదెప్పటిది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని ఆరా తీసే జబ్బు మాత్రం వదల్లేదు. మావాడు వైర్లు వెతుక్కుంటున్న ఆ రెండు రోజులూ నేను పుస్తకాలు వెతుక్కున్నాను.

యీ యంత్రానికి మూలపురుషుడనదగ్గది 1931 నాటిది. హెన్రీ కోవెల్ అనే అమెరికన్ సంగీతకర్త, ఒకేసారి అనేక లయలు నడిచే సంగీతం కావాలనుకున్నాడు. మనిషి చేతికి అది సాధ్యం కాదు. అప్పట్లో న్యూయార్కులో వుంటున్న రష్యన్ ఇంజనీరు లియోన్ తెర్మిన్‌ను అడిగితే, రిథమికాన్ అనే వాద్యం చేసి పెట్టాడు. చిల్లులున్న చక్రాలు గిరగిరా తిరుగుతుంటే వాటిలోంచి వెలుతురు పడి, ఆ వెలుగుచీకట్ల తాళమే చప్పుడుగా మారేది. గమనించారా? మొట్టమొదటి యంత్రం ఎవరి ఉద్యోగమూ తీయడానికి పుట్టలేదు. మనిషి వాయించలేనిది వాయించడానికి పుట్టింది.

ఉద్యోగం సంగతి 1959లో మొదలైంది. ఆ ఏడు అమెరికాలో వర్లిట్జర్ కంపెనీ చిన్న బీరువాలాంటి చెక్కపెట్టె ఒకటి అమ్మకానికి పెట్టింది. లోపల ఒక చక్రం, దాని మీద లోహపు బొడిపెలు. పైన తిరిగే ముల్లు వాటిని తాకినప్పుడల్లా ఒక దెబ్బ. వాల్ట్జ్, టాంగో వగైరా పన్నెండు నడకలు, వేగం పెంచుకునేందుకు, తగ్గించుకునేందుకు ఒక మీట. దానికి పెట్టిన పేరు చూడండి: సైడ్‌మన్. మన భాషలో చెప్పాలంటే పక్కవాద్యగాడు! అక్కడి వాద్యకారుల సంఘం గొడవ చేసింది. చివరికి 1961లో ఒక తీర్పు చెప్పింది: ఆ పెట్టెను వాడుకోవచ్చు, కానీ డాన్సులకు మాత్రం వాడకూడదు. మన వూళ్ళో పంచాయితీ తీర్పుల్లాగే, ఇద్దరికీ కోపం రాకుండా!

తరవాత కథ జపానుకు మారుతుంది. ఆ కథానాయకుడి జీవితం చదువుతుంటే నవల రాసేదాన్ని గనక నా చెయ్యి దురద పెట్టింది. పేరు ఇకుటారో కకెహాషి. 1930లో ఒసాకాలో పుట్టాడు. రెండేళ్ళ వయసులో తల్లీ తండ్రీ ఇద్దరూ క్షయతో పోయారు. తాతా నాయనమ్మల దగ్గర పెరిగాడు. యుద్ధం అయిపోయాక పదహారేళ్ళకే గడియారాలు బాగుచేసే పనిలో పడ్డాడు. చదువుకుందామని ఒసాకా తిరిగొస్తే తిండికి కరువు, ఆపైన తల్లిదండ్రుల్ని మింగిన క్షయే తననూ పట్టుకుంది. కొన్నేళ్ళు శానిటోరియంలో మంచం మీద గడిపాడు. కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇంకా పరీక్షల్లో వుండగా, ఆ మందు ఇచ్చి చూసిన రోగుల్లో ఇతనొకడు. బతికి బయటపడ్డాడు. 1954లో కరెంటు సామాన్ల కొట్టు పెట్టాడు. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవాడు కాదు. తనలాంటి మామూలువాళ్ళు కూడా వాయించుకోగల వాద్యాలుండాలని అతని ఆశ.

1967లో అతని కంపెనీ ఎఫ్.ఆర్-1 రిథమ్ ఏస్ అనే పెట్టె తెచ్చింది. పదహారు నడకలు. ఇంట్లో ఆర్గన్ వాయించుకునేవాళ్ళకు తోడుగా వుండేందుకు, హామండ్ కంపెనీ దాన్ని తన ఆర్గన్లలో అమర్చుకుంది. 1972లో రోలండ్ కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా వచ్చినవాటిలో చాలావరకు ఫ్యాక్టరీలో ఏ లయ పెట్టిస్తే అదే వాయించేవి. 1978లో వచ్చిన సి.ఆర్-78లో, కొన్నవాళ్ళు తమ సొంత లయను కూడా దాచుకునే వీలు కల్పించారు. ఇదీ అసలు మలుపని నాకనిపిస్తుంది. అంతకుముందు ఆ పెట్టె పాడే బొమ్మ. ఇప్పుడది నోటుపుస్తకమైంది.

1980లో రెండు యంత్రాలు వచ్చాయి, తోడికోడళ్ళలాగా. ఒకటి అమెరికాలో రోజర్ లిన్ అనే గిటారు వాద్యకారుడు చేసిన ఎల్.ఎం-1. నిజమైన డ్రమ్ముల చప్పుడును అంకెలుగా మార్చి చిప్పుల్లో దాచిన మొదటి డ్రమ్ మెషీను అది. ధర అయిదువేల డాలర్ల దాకా. తయారైనవి సుమారు అయిదువందలు. రెండోది కకెహాషి తెచ్చిన టి.ఆర్-808. దాని ధర 1,195 డాలర్లు. అందులో నిజం డ్రమ్ము చప్పుడేమీ లేదు, అంతా కరెంటు పుట్టించిందే. పదహారు రంగు మీటలు, తకధిమి నాలుగుసార్లు అనుకోండి. ఏ మీట నొక్కితే ఆ అక్షరం మీద దెబ్బ.

ఇది డ్రమ్ములా లేదని చాలామంది పెదవి విరిచారు. నిజమే, లేదు. ఆ 'బూఁ' మనే లోతైన మోత ఏ డ్రమ్ముకీ లేదు. పైగా అందులో కొన్ని ట్రాన్సిస్టర్లు, వేరేవాళ్ళు పనికిరావని పక్కన పడేసినవి. ఏరి కొనుక్కొచ్చి వేశామని కకెహాషే తరవాత చెప్పాడు. ఆ లోపం వల్లే తాళం చప్పుడులో పోపు చిటపటలాడినట్టు ఒక సవ్వడి వచ్చేది. తరవాత్తరవాత ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడి, అలాంటి లోపం సరుకు దొరకడం మానేసింది! 1983లో దాని తయారీ ఆపేశారు. మొత్తం చేసినవి పన్నెండువేలు.

అక్కడితో అయిపోవలసింది. కానీ ఎవరికీ అక్కర్లేక సెకండ్‌హ్యాండ్ కొట్లలో చవగ్గా పడివున్న వాటిని, డ్రమ్ములు కొనే స్తోమత లేని నల్లజాతి కుర్రాళ్ళు కొనుక్కున్నారు. అంతకుముందే, 1982లో, న్యూయార్కు నుంచి ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్', మార్విన్ గే 'సెక్సువల్ హీలింగ్' దాని మీదే వచ్చి దారి చూపించాయి. ఇవాళ మన పిల్లల ఫోన్లలో గుండెలదిరేలా మోగే ఆ 'బూఁ' చప్పుడంతా దాని సంతానమే.

అదే 1982లో మన బొంబాయిలో కూడా ఒక వింత జరిగింది. హిందీ సినిమా పాటలకు వాద్యాలు వాయించే చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన, 808నూ, మరో రెండు రోలండ్ వాద్యాలనూ దగ్గర పెట్టుకుని పది రాగాలు వాయించి రికార్డు ఇచ్చాడు. భూపాలి, మాల్కౌన్స్, యమన్ అన్నీ అందులో వున్నాయి. మనవాళ్ళ మోహన, హిందోళం, కల్యాణి అన్నమాట. తబలా వుండవలసిన చోట యీ పెట్టె. హెచ్.ఎం.వి. వాళ్ళు విడుదల చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. 2010లో విదేశీ కంపెనీ ఒకటి మళ్ళీ వేస్తే, షికాగోలో 1987లో పుట్టిందనుకున్న ఒక రకం సంగీతాన్ని యీయన అయిదేళ్ళ ముందే వాయించాడే అని లోకం ముక్కున వేలేసుకుంది. 2015లో పోయాడు. చివరి అయిదేళ్ళైనా ఆ మాట ఆయన చెవిన పడింది, నయం.

ఇక మావాడి గదిలోకి వద్దాం. అక్కడికి వెళ్ళాలంటే మిడి అనే ఒక్క మాట తెలియాలి. 1980ల మొదట్లో ఒక కంపెనీ వాద్యం మరో కంపెనీ వాద్యంతో మాట్లాడలేకపోయేది. కకెహాషి, అమెరికాలో డేవ్ స్మిత్ అనే ఇంజనీరు, ఒకరికొకరు పోటీదార్లయి వుండి కూడా, అన్ని వాద్యాలకూ ఒకే భాష వుండాలని పట్టుబట్టారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో ఒక ప్రదర్శనలో ఇద్దరి వాద్యాలనూ ఒక తీగతో కలిపితే, ఒకదాని మీద నొక్కిన మీటకు రెండోది పలికింది. ఆ భాషకు ఎవరి దగ్గరా రాయల్టీ తీసుకోలేదు. 2013లో ఇద్దరికీ కలిపి గ్రామీ సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

మిడి తీగలో చప్పుడు ప్రయాణించదు. అదెందుకో నాకు మొదట బుర్రకెక్కలేదు. మావాడు విసుక్కోకుండా చెప్పాడు. "అమ్మా, నువ్వు చేసిన గుత్తివంకాయ డబ్బాలో పెట్టి పిన్నికి పంపావనుకో, అది ఆడియో. ఎన్ని వంకాయలు, ఎంత కారం అని రాసి పంపావనుకో, అది మిడి." ఏ వాద్యం, ఏ క్షణాన, ఎంత బలంగా అన్న మూడు ముక్కలే ఆ తీగలో వెళతాయి. బలాన్ని సున్నా నుంచి 127 దాకా లెక్కగడతారు.

మొదట్లో కంప్యూటర్లు యీ చిట్టీలే దాచుకోగలిగేవి. రెండు చెవులకూ వినపడే మంచి రికార్డింగు ఒక్క నిమిషానికి పది మెగాబైట్లు తింటుంది. 1986లో వచ్చిన అటారి 1040 కంప్యూటరు మొత్తం జ్ఞాపకం ఒక్క మెగాబైటు! అయినా మిడి తీగలు గుచ్చే రంధ్రాలు దానికి పుట్టుకతోనే వుండడంతో సంగీతం వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1989లో దాని కోసమే క్యూబేస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. లయ చిట్టీ కంప్యూటర్లో, అసలు చప్పుడు టేపు మీద. 1991లో ప్రో టూల్స్ వచ్చి చప్పుడును కూడా కంప్యూటర్లోనే ఎక్కించడం మొదలెట్టింది, అదీ నాలుగే ట్రాకులు. 1992లో 'రోజా' పాటలతో మద్రాసులో గాలి మారిందని మీకు గుర్తుండేవుంటుంది. ఆ గాలే సంవత్సరం తిరక్కుండా బెజవాడ పెళ్ళిపందిట్లోకీ వచ్చింది. మా మావయ్య కోసం ఆ సాయంత్రం వ్యాను రాకపోవడం వెనక ఇంత చరిత్ర వుందన్నమాట.

మూడోరోజు రాత్రి భోజనాలయ్యాక పని మొదలైంది. మావయ్య జేబులోంచి చిన్న డైరీ తీశాడు. వణికే అక్షరాలతో అంకెలు, పక్కన పేర్లు. 4 కోలాటం. 9 గుర్రపు నడక. 17 పీర్ల డప్పు. ఇలా ఇరవై మూడు.

"ఇవన్నీ ఎప్పుడు చేశావు మావయ్యా?"

"వ్యాను రావడం మానేశాక, ఏడాది పాటు ఖాళీగా వున్నాగా. ఆ తరవాత డ్రమ్ సెట్టు అమ్మేసి ఇది కొన్నాను. నా పొట్ట కొట్టింది ఏమిటో చూద్దామని. చూస్తే ఏముంది, పాపం దీనికేం తెలియదు. మనం చెప్పిందే వాయిస్తుంది. పెట్టెలో డప్పు లేదు. పెద్ద డ్రమ్మూ కాంగో కలిపి, డప్పులా పలికించడానికి పదిహేను రోజులు పట్టింది."

ఆ పెట్టెతోనే మరో పదేళ్ళు చిన్న చిన్న ట్రూపుల్లో బతికాడు. నాకా సంగతి తెలియదు. తెలుసుకోవాలని నేను అడిగిందీ లేదు.

మావాడు పెట్టెకు రెండు రకాల తీగలూ గుచ్చాడు. కూరా దాచాలి, చిట్టీ దాచాలి అని వాడి పట్టుదల. పెట్టె వెనక చప్పుడు బయటికొచ్చే దారులు రెండే వున్నాయి. అన్నీ ఒకేసారి ఎక్కిస్తే పని తొందరగా తెములుతుంది, కానీ పులిహోర కలిపాక ఆవాలేరడం ఎవరి తరం? అందుకని తక్కినవాటి నోరు మూసి, ఒక్కో వాద్యాన్ని విడివిడిగా వాయించి ఎక్కించాడు. మోత మరీ గట్టిగా రాకుండా కాస్త తగ్గించి పెట్టుకున్నాడు. టేపయితే ఎక్కువైనా కాస్త ఓర్చుకుంటుందిట, కంప్యూటరుకు ఆ ఓర్పు లేదు, హద్దు దాటితే చప్పుడు చితికిపోతుందిట.

ఇద్దరి లయా కలవాలంటే ఒకరు గురువు, ఒకరు శిష్యుడు కావాలి. కంప్యూటరు ఒక్కో తాళపు దెబ్బకు ఇరవైనాలుగు చిన్న సంకేతాలు పంపుతుంటే, పెట్టె వాటిని లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. అయినా పెట్టె మోత కంప్యూటరు గీతల కంటే కాస్త వెనకపడి వచ్చింది. చప్పుడును సెకనుకు 44,100 తునకలుగా కోసి, 512 తునకలు పోగయ్యాక గానీ కంప్యూటరు అందుకోదుట. అంటే సెకనులో వెయ్యి వంతులు చేస్తే సుమారు 12 వంతుల జాప్యం. ఆ మేరకు మావాడు చప్పుడంతా ముందుకు జరిపాడు. తరవాత చిట్టీలో దెబ్బలు కూడా గీతలకు అటూ ఇటూ వుండడం చూసి, ఒక మీట నొక్కి అన్నిటినీ గీతల మీద వరసగా నిలబెట్టాడు. బడిలో ప్రార్థనకు పిల్లల్ని నిలబెట్టినట్టు.

"విను తాతయ్యా, నీ పదిహేడో నెంబరు!"

మావయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. సగంలో కళ్ళు తెరిచాడు.

"ఇది నాది కాదురా నాన్నా."

"నీదే తాతయ్యా! నీ దెబ్బలే. కాస్త సరిచేశానంతే."

"అదే. ఎందుకు సరిచేశావు? పీర్లు ఎత్తుకుని నడిచేవాడు అడుగు వేసి, బరువు సర్దుకుని, రెండో అడుగు వేస్తాడు. ఆ సర్దుకునే సందు వుంటుందే, దాని కోసమే ఆ దెబ్బ ఆలస్యంగా వేశాను. మెషీను సరిచేస్తానంటే వద్దని ఆ మీట ఆపి మరీ వేశాను."

మావాడు ఒక్క క్షణం ఆగాడు. తరవాత మెల్లిగా చెప్పాడు, రోజర్ లిన్ తన మెషీన్లలో స్వింగ్ అని ఒక ఏర్పాటు పెట్టాడని, జంటదెబ్బల్లో రెండోదాన్ని కావాలనే కాస్త ఆలస్యం చేస్తుందని, ప్రపంచమంతా దానికి మురిసిపోయిందని.

"చూశావా మరి! తీగ వల్ల వచ్చిన ఆలస్యం తీసెయ్. చేతి వల్ల వచ్చింది వుంచు" అన్నాడు మావయ్య.

మావాడు సరిచేసినదాన్ని రద్దు చేశాడు. దెబ్బలన్నీ మళ్ళీ గీతలకు అటూ ఇటూ చెదిరి నిలబడ్డాయి. పదిహేడో నెంబరు మళ్ళీ మోగింది. నాకు తాళజ్ఞానం అంతంత మాత్రమే. కానీ ఈసారి వీధి మలుపు తిరిగి పీర్లు వస్తున్నట్టు, మేం పిల్లలం గుమ్మంలోకి పరిగెత్తుతున్నట్టు అనిపించింది. చెదిరిన ఆ కాస్త సందులో అంత ప్రాణం వుంది.

తెల్లవారుజామున రెండింటిదాకా కూర్చున్నారిద్దరూ. ఇరవై మూడూ ఎక్కాయి. మావాడు వాటి పేర్లు డైరీలో వున్నట్టే కంప్యూటర్లో రాసి, ఇంకో రెండు చోట్ల నకళ్ళు దాచాడు. తరవాత పెట్టె ఆపేశాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ స్విచ్చి వేస్తే చిన్న కిటికీలో వెలుగు వచ్చింది గానీ లోపల ఏమీ లేదు. ఇరవై మూడు గదులూ ఖాళీ.

నేను కంగారుగా మావయ్య ముఖంలోకి చూశాను. ఆయన కాఫీ తాగుతూ నవ్వాడు.

"పోనీలేవే. దానికీ కాస్త విశ్రాంతి కావద్దూ?"

వేళ్ళు మాత్రం గ్లాసు మీద ఆడుతున్నాయి. పదిహేడో నెంబరే. ఆ రెండో దెబ్బ, కొద్దిగా ఆలస్యంగా.